తండ్రి ఆడిన అబద్ధము: ఓజు చిత్రము ‘వసంతాంతము’

రేడియోలో ప్రసంగించువారికి నిశ్శబ్దమనిన భయము. ప్రసంగము నడుమ నాలుగైదు క్షణములు మాట ఆగినచో, ఇంటిలో వినుచున్నవారు యంత్రము చెడిపోయినదని తలచి లేచి వచ్చి మీటలు త్రిప్పుదురు. అందుచేత మేము ఈ గదిలో గడియారమువంక చూచుచు, ఒక వాక్యము ముగియకమునుపే వేరొక వాక్యమును సిద్ధపరచుకొనుచుందుము. ఇట్టి అలవాటు గల మేము, మాటలకంటె మౌనమునకే ఎక్కువ చోటిచ్చిన ఒక చలనచిత్రమును గూర్చి మీతో చెప్పబూనుట కొంత సాహసమే. ఐనను ఆ చిత్రములోని దుఃఖము ఆడపిల్లలు గల ప్రతి ఇంటికిని తెలిసినదే. కనుక ధైర్యము చేయుచున్నాము.

ఆ చిత్రము జపాను దేశమునకు చెందినది. దర్శకుడు యసుజిరో ఓజు. 1949 సెప్టెంబరులో షోచికు సంస్థవారు దానిని విడుదల చేసిరి. జపాను భాషలో దాని పేరు ‘బన్‌షున్’. వసంతఋతువు చివరి దినములని అర్థము. మనము ‘వసంతాంతము’ అనుకొందము. నలుపు తెలుపుల చిత్రము. నిడివి 108 నిమిషములు. ఇందులో హత్య లేదు, ద్రోహము లేదు, విడిపోయిన ప్రేయసీప్రియులు లేరు. ఒక తండ్రి, ఒక కూతురు ఉన్నారు. కూతురికి పెండ్లియగును; తండ్రి ఒంటరిగా మిగులును. కథ అంతయు ఇంతే. ఐనను ఆ సంవత్సరము జపానులోని ‘కినెమా జుంపో’ పత్రిక దీనినే ఉత్తమ జపాను చిత్రముగా ఎన్నుకొన్నది. 2012లో బ్రిటిషు పత్రిక ‘సైట్ అండ్ సౌండ్’ ప్రపంచమునందలి విమర్శకుల అభిప్రాయములను సేకరించినప్పుడు, అన్ని కాలముల చిత్రములలో దీనికి 15వ స్థానము లభించినది. ఇంత చిన్న కథ ఇంతమంది హృదయములను ఎట్లు పట్టుకొన్నది? దానికి కారణము కథ నడుమనున్న ఒక్క అబద్ధమని మా అభిప్రాయము.

కథాస్థలము కామాకురా. అది టోకియోకు దక్షిణమున, రైలులో సుమారు గంట ప్రయాణదూరములో, సముద్రతీరమున నున్న పాత పట్టణము. దేవాలయములకును, పెద్ద బుద్ధవిగ్రహమునకును పేరుపొందినది. చిత్రము ఆ పట్టణపు ఉత్తరభాగమందలి చిన్న రైలుస్టేషనుతో ఆరంభమగును. చాపలు పరచిన గదులతో, కాగితపు తలుపులతో ఒక ఇల్లు. అందు షూకిచి సోమియా అను ఆచార్యుడును, ఆయన కూతురు నొరికోయు నివసించుచున్నారు. ఆయనకు 56 ఏండ్లు, ఆమెకు 27. తల్లి గతించినది. యుద్ధకాలమున చేయవలసివచ్చిన నిర్బంధపు చాకిరిచేత నొరికో ఆరోగ్యము చెడినది, ఇప్పుడిప్పుడే కోలుకొన్నది. అందుచేతనే ఆమె పెండ్లిమాట వెనుకబడినది.

మొదటి అరగంటయు ఏమియు జరుగనట్లే యుండును. ఆచార్యుడును, ఆయన సహాయకుడు హత్తొరియు కూర్చుండి, లిస్ట్ అను జర్మను ఆర్థికశాస్త్రజ్ఞుని పేరు ఎట్లు వ్రాయవలెనో సరిచూచుకొందురు. అదే పేరు గల సంగీతవిద్వాంసుని విషయమున ఒక అక్షరము ఎక్కువ, ఈయనకు అది లేదు. మీటరు చూచువాడు వచ్చి చూచుకొని పోవును. తండ్రి తేనీరు కావలెననును. కూతురు తెచ్చి ఇచ్చును. ఇద్దరును ఒకే రైలులో టోకియోకు పోవుదురు. ఇవి కథకు పనికిరాని సంగతులుగా తోచును. కాని చిత్రము ముగిసిన తరువాత మనకు జ్ఞప్తికి వచ్చునవి ఇవియే. ఇంటిలో ఎవరికిని ఏమియు కానప్పుడు మనము దానిని సుఖమని పిలువము. అది పోయిన నాడు కదా దాని పేరు తెలియుట!

నొరికో ముఖమున ఎప్పుడును నవ్వే. ఆమెకు ఈ ఇల్లు చాలును. తండ్రి వస్తువు లేవి ఎక్కడనున్నవో ఆమెకే తెలియును. తాను లేనిచో ఆయనకు దినము గడువదని ఆమె నమ్మకము. ఆ నమ్మకములో ప్రేమ ఎంత, అలవాటు ఎంత, బయటి ప్రపంచముపట్ల జంకు ఎంత అని దర్శకుడు విడదీసి చెప్పడు. మనలో ఎవరైనను మన అనుబంధములను అట్లు విడదీసి చెప్పగలమా?

ఇంతలో మేనత్త మాసా రంగమున ప్రవేశించును. ప్రతి కుటుంబమునందును ఇట్టి మేనత్త ఒకతె యుండును. ఈడు మీరిపోవుచున్న పిల్లను ఇంట పెట్టుకొని నిశ్చింతగా నున్న అన్నగారిని చూచి ఆమెకు నిదురపట్టదు. హత్తొరితో సంబంధము కుదురునేమోయని తండ్రి ఆశపడును. నొరికోయు హత్తొరియు సైకిళ్ళమీద సముద్రతీరపు బాటవెంట పోవుచుండగా మనకును అదే ఆశ కలుగును. తండ్రి మెల్లగా ఆ మాట ఎత్తగా, నొరికో పకపక నవ్వి, అతనికి ఇదివరకే వేరొక పిల్లతో నిశ్చయమైనదని చెప్పును. హత్తొరి మనసులో ఏమున్నదో ఎవరును చెప్పరు. అతడు ఒకనాడు సంగీతసభకు నొరికోను పిలుచును, ఆమె రానన్నది. సభలో అతని ప్రక్కకుర్చీ ఖాళీగా నుండును. దానిపై అతని టోపీ మాత్రమే యుండును. ఈ చిత్రములో మొదట కనబడు ఒంటరితనము ఆ కుర్చీయే.

తరువాత మేనత్త సతాకె అను వరుని గూర్చి చెప్పుకొనివచ్చును. అతడు అమెరికా నటుడు గ్యారీ కూపరును పోలియుండునట. ముఖ్యముగా నోటివద్ద ఆ పోలిక ఎక్కువయట. ఐతే అతని పేరు కుమతారో. ‘కుమ’ యనగా జపాను భాషలో ఎలుగుబంటి. రేపు బంధువైన తరువాత అతనిని ఏమని పిలువవలెనని మేనత్తకు పెద్ద చింత. ఒకనాడు దేవాలయపు ఆవరణలో ఆమెకు ఎవరో పోగొట్టుకొన్న డబ్బుసంచి దొరకును. ఇది శుభశకునము, సంబంధము కుదిరితీరునని ఆమె సంబరపడును. అంతలో పోలీసు ఒకడు ఆ దారిని వచ్చుట చూచి గబగబ నడచిపోవును. చిత్రములో ఇట్టి నవ్వులు చాలనున్నవి. దుఃఖము రానున్న ఇంటిలో దానికి ముందు నవ్వుండునని ఓజుకు బాగుగా తెలియును.

నొరికో ఒప్పుకొనదు. తండ్రిని చూచుకొనువారెవరని ఆమె ప్రశ్న. అప్పుడు మేనత్త ఒక ఉపాయము పన్నును. అన్నగారు మివా అను ఒక వితంతువును పెండ్లాడనున్నారని నొరికోకు చెప్పును. ఇది ఎంతటి దెబ్బయో మనకు ముందే తెలియును. ఏలయన, అంతకుముందు తండ్రి మిత్రుడు ఒనొదెరా రెండవ పెండ్లి చేసికొన్న సంగతి విని నొరికో, అట్టి పని తనకు అపవిత్రముగా తోచుచున్నదని ఆయన ముఖముననే చెప్పినది. నవ్వుచునే చెప్పినది, ఆయనయు నవ్వి ఊరకుండెను. ఆ మాట ఇప్పుడు తన ఇంటికే తిరిగివచ్చినది.

తండ్రీకూతుళ్ళు ఒకనాడు ప్రాచీన నో నాటకమును చూడబోవుదురు. రంగముపై నటుడు మెల్లగా కదలుచుండును. గాయకుల కంఠములు గంభీరముగా మ్రోగుచుండును. తండ్రి నాటకములో లీనమైయుండును. ఎదుటి వరుసలో మివా కూర్చుండియుండును. తండ్రి ఆమెవైపు చూచి మర్యాదగా తల వంచును. నొరికోయు వంచును. పిమ్మట నొరికో ఒకసారి తండ్రిని, ఒకసారి ఆమెను చూచును. అంతవరకు మనము చూచిన నవ్వు ఆ ముఖమునుండి మెల్లగా జారిపోవును, తల వాలిపోవును. ఈ ఘట్టము చాల నిమిషములు సాగును. ఒక్క మాటయైనను లేదు. నాటకము మాత్రము ఆగక జరుగుచునే యుండును. దుఃఖము వచ్చునప్పుడు లోకము తన పని తాను చేసికొనుచుండుట మనలో అనుభవించని వారెవరు? ఆ తరువాత వీధిలో నడచుచు నొరికో, తనకు వేరొక పని యున్నదని చెప్పి తండ్రిని విడిచి బాట ఆవలివైపునకు పోవును. ఇద్దరును ఒకే దిక్కునకు నడచుచుందురు. నడుమ బాట మాత్రము వచ్చినది.

ఇంటివద్ద ఆమె తండ్రిని సూటిగా అడుగును. పెండ్లి చేసికొందువా అని. ఆయన ‘ఊఁ’ అనును. నిశ్చయమేనా అని మరల అడుగును. మరల ‘ఊఁ’. అంతియే. చిత్రమునకంతకును కీలకమైన అబద్ధము పూర్ణవాక్యమైనను కాదు. తండ్రి కథలు కల్పింపడు, ప్రమాణములు చేయడు, ఆ వితంతువును పొగడడు. కూతురి కన్నులలోని వేదన చూచుచు ఆ ఒక్క శబ్దమును పలుకును. సత్యవంతుడైన మనుష్యునకు అబద్ధమాడుట ఎంత కష్టమో, అంత చిన్న శబ్దమువలననే మనకు తెలియును.

ఈ సన్నివేశమును గూర్చి మేము చాల ఆలోచించితిమి. తండ్రి తన సుఖమునకై అబద్ధమాడలేదు. తనను ప్రేమించు ఏకైక వ్యక్తి దృష్టిలో తానే చిన్నవాడగుటకు సిద్ధపడెను. కూతురు తనను అసహ్యించుకొన్ననే గాని ఇల్లు విడిచి పోజాలదని ఆయన గ్రహించెను. త్యాగములలో ఇది కఠినమైనది. ధనము విడుచుట, సుఖము విడుచుట చూచి లోకము మెచ్చుకొనును. మంచివాడను పేరు విడుచుటకు మెప్పులేదు. ఎందుకు విడిచెనో చెప్పుకొనుటకును వీలులేదు.

నొరికో సతాకెను చూచి పెండ్లికి సమ్మతించును. పెండ్లికి ముందు తండ్రీకూతుళ్ళు కలిసి క్యోటో నగరమునకు యాత్ర పోవుదురు. ఇదే వారి కడపటి ప్రయాణము. అక్కడ నొరికో ఒనొదెరాగారి కొత్త భార్యను చూచును. ఆమె మంచి యిల్లాలు. తాను పలికిన మాటకు నొరికో మనసులో నొచ్చుకొనును. ఆ రాత్రి సత్రములో పడకలు ప్రక్కప్రక్కనే పరచియుండును. దీపము ఆర్పిన తరువాత, ఆమె తండ్రితో ఆ సంగతి చెప్ప నారంభించును. ఆయన విషయమునను తనకు కష్టము తోచినదని పలుకబోవును. ఆయన అప్పటికే నిద్రించుచుండును, గురక వినబడును. ఆమె పైకి చూచుచు చిరునవ్వు నవ్వును. అప్పుడు దర్శకుడు మనకు గది మూలనున్న ఒక కూజాను చూపును. దాని వెనుక కాగితపు కిటికీపై వెదురాకుల నీడ కదలుచుండును. మరల ఆమె ముఖము: ఇప్పుడు నవ్వు లేదు, కన్నీరు పొంగనున్నది. మరల ఆ కూజా.

ఆ కూజాను గూర్చి పండితులు వ్రాసినంత, బహుశః ఏ సినిమాలోని ఏ వస్తువును గూర్చియు వ్రాసియుండరు. అమెరికా రచయిత పాల్ శ్రేడర్ 1972లో వెలువరించిన గ్రంథమున దీనిని ఒక ఆధ్యాత్మికస్థితికి గుర్తుగా వివరించెను. తరువాతివారు అనేకులు వేరువేరుగా చెప్పిరి. మాకు తోచినది చిన్న సంగతి. ఒక ముఖమున నవ్వు కన్నీరుగా మారుటను కెమేరా కన్నార్పక చూచుట మర్యాద కాదు. దుఃఖించువారిని మనము ప్రేమించినచో ఒక క్షణము తల ప్రక్కకు త్రిప్పుకొందుము. ఓజు చేసినది అదియే. ఆమెకు మనసు కుదుటపరచుకొనుటకు వ్యవధి ఇచ్చి, అంతవరకు మన కన్నులకు ఒక కూజాను చూపెను.

మరునాడు సామాను సర్దుకొనునప్పుడు నొరికో నోరు విప్పును. తనకు పెండ్లి వద్దు. తండ్రి వేరొక పెండ్లి చేసికొన్నను సరియే, ఇట్లే ఆయన వద్ద నుండనిచ్చినచో చాలును. ఇంతకంటె సుఖము తనకు ఎక్కడను లేదు. శ్రోతలు ఇక్కడ గమనింపవలెను. తండ్రి ఆడిన అబద్ధము ఈ క్షణమున ఓడిపోయినది. దూరము చేయుటకై ఆయన ఏ ముల్లు నాటెనో, దానిని సైతము ఆమె భరింప సిద్ధపడినది. ఇక ఆయనకు అబద్ధము పనికిరాదు, నిజమే చెప్పవలెను. అంతవరకు ముక్తసరిగా మాటలాడిన ఆయన ఇప్పుడు చాలసేపు మాటలాడును. తన జీవితము ముగింపునకు వచ్చుచున్నదనియు, ఆమె జీవితము ఇప్పుడు మొదలగుచున్నదనియు చెప్పును. సుఖము దానంతట రాదనియు, ఇద్దరు కలిసి కట్టుకొనవలసినదనియు, దానికి ఏండ్లు పట్టవచ్చుననియు చెప్పును. ఆమె తల్లియు తొలిదినములలో వంటింటి మూల నిలిచి ఏడ్చుట తాను చూచితినని చెప్పును. ఆయన ఇంపైన మాట ఒక్కటియు చెప్పలేదు. కూతురు తల వంచి, తన పట్టుదలకు క్షమింపుమని వేడును.

పెండ్లినాడు నొరికో సంప్రదాయపు పెండ్లిదుస్తులతో, బరువైన శిరోభూషణముతో తండ్రి యెదుట మోకరిల్లి, ఇన్నాళ్ళు పెంచినందుకు కృతజ్ఞత తెలుపును. సుఖముగా నుండుము, మంచి యిల్లాలివి కమ్మని ఆయన దీవించును. అందరును వెళ్ళిన పిమ్మట మేనత్త ఏదైన మరచిపోయితిమా యని ఖాళీగదిని ఒకసారి చుట్టి చూచి పోవును. ఆ గదిలో అద్దమును, దాని ముందు పీటయు మిగులును. చిత్రములో పెండ్లి కనబడదు. పెండ్లికుమారుడును కనబడడు, మొదటినుండి చివరివరకు అతని ముఖమును మనము చూడము.

మన పెండ్లిండ్లలో అప్పగింతలను ఘట్టమొకటి యున్నది. పిల్లను అత్తవారి చేతిలో పెట్టునప్పుడు తల్లిదండ్రులు కంటనీరు పెట్టుకొనుట లోపమని ఎవరును అనరు. ఏడ్చుటకని పెద్దలు పెట్టిన ముహూర్తమది. సోమియా ఆచార్యునకు అట్టి ముహూర్తము లేదు. ఆయన ఆ సాయంకాలము నొరికో స్నేహితురాలు ఆయాతో పానశాలలో కూర్చుండును. ఆమె, మీరు నిజముగ పెండ్లి చేసికొందురా అని అడుగును. ఆయన నవ్వి, అది తన జన్మలో ఆడిన అతి పెద్ద అబద్ధమని ఒప్పుకొనును. ఆమె కన్నీరు నింపుకొని, మీ యింటికి తప్పక వచ్చుచుందునని మాట ఇచ్చును. నొరికోకు మాత్రము ఆ నిజము తెలిసినట్లు చిత్రములో ఎక్కడను లేదు.

తరువాత ఆయన చీకటియింటికి వచ్చును. కుర్చీలో కూర్చుండి, ఆపిలు పండొకటి తీసికొని చాకుతో తొక్క ఒలుచును. తొక్క తెగక పొడుగుగా క్రిందికి వ్రేలాడుచు వచ్చి, తుదకు జారి పడును. చేయి ఆగును. తల మెల్లగా వంగును. అటుపిమ్మట సముద్రము, అలలు వచ్చి పోవుచుండును. చిత్రము ముగియును.

ఈ ఘట్టమును గూర్చి ఆ పాత్ర ధరించిన నటుడు చిషూ ర్యూ తరువాతి కాలమున ఒక సంగతి చెప్పియున్నాడు. ఆపిలు ఒలిచిన పిమ్మట బిగ్గరగా ఏడువవలెనని ఓజు ఆయనను కోరెనట. అది తన చేత కాదని ర్యూ చెప్పెను. ఓజు బలవంతపెట్టలేదు. తల వంచుటతోనే చిత్రము ముగిసినది. ర్యూకు అప్పటికి 45 ఏండ్లు. తనకంటె పదియేండ్లకు పైబడిన పాత్రను ధరించెను. ఏడువజాలని ఆ నటుడే కదా, ఏడ్చుకొనుటకు వీలులేని తండ్రిని మనకు చూపినవాడు!

చిత్రనిర్మాణపు పద్ధతియు ఈ మితభాషణమునకు తగినట్లే యున్నది. ఛాయాగ్రాహకుడు యుహారు అత్సుతా. ఓజు కెమేరాను నేలకు దగ్గరగా, చాపమీద కూర్చున్నవాని కంటిమట్టమునకు దించి ఉంచును. చాపలమీద కూర్చుండి పెరిగిన మనకు ఆ చూపు కొత్తది కాదు. కెమేరా అరుదుగా గాని కదలదు. మనుష్యులు గదిలోనుండి వెళ్ళిపోయిన తరువాతయు గది కొంతసేపు తెరపై నిలిచియుండును. మూలకథ కజువో హిరోత్సు అను రచయితది, పేరు ‘తండ్రీకూతుళ్ళు’. దానిని ఓజుయు కోగో నోడాయు కలిసి చిత్రకథగా వ్రాసిరి. అది మొదలు ఓజు చివరి చిత్రమువరకు వారిద్దరును కలిసియే వ్రాసిరి.

ఇక ఒక సందేహము మిగిలియున్నది. ఆ తండ్రి చేసినది సరియైనదా? చిత్రము తీయునాటికి జపాను అమెరికా సేనల ఆక్రమణలో నున్నది. సైకిలుబాట ప్రక్కన శీతలపానీయపు ఇంగ్లీషు ప్రకటనపలక కనబడును. 1947 మే నెలలో అమలులోనికి వచ్చిన క్రొత్త రాజ్యాంగము, వివాహము స్త్రీపురుషుల పరస్పరసమ్మతిమీదనే నిలువవలెనని శాసించినది. చట్టముచేత నొరికో స్వతంత్రురాలు. ఆమె స్నేహితురాలు ఆయా భర్తను విడిచి, శీఘ్రలేఖనము చేసి తన కూడు తాను సంపాదించుకొనుచున్నది. అట్టి కాలమున, పెండ్లి వద్దన్న పిల్లను ప్రేమతోనే ఐనను, ఉపాయముతో పెండ్లిపీటల మీదికి పంపుట ధర్మమా? నేటి యువతులు ఈ ప్రశ్న వేయుదురు, వేయుట న్యాయమే. చట్టము విప్పిన ముడిని బంధువులు ప్రేమతో మరల బిగించుట మనమును ఎరిగినదే.

చిత్రము దీనికి తీర్పు చెప్పదు. వరుని ముఖము చూపకపోవుటలోనే ఆ మౌనమున్నదని మేము తలచుచున్నాము. అతడు మంచివాడో కాడో మనకు తెలియదు. నొరికో సుఖపడెనో లేదో తెలియదు. తండ్రికిని తెలియదు. ఆయన తన ఒంటరితనమును మూల్యముగా చెల్లించెను. కొన్నది ఏమో చూచుటకు ఆయనకు వీలులేదు. పిల్లల మేలుకోరి నిర్ణయములు చేయు తల్లిదండ్రులందరి స్థితియు ఇదియే. అది మేలో, మన భయమునకు మనము పెట్టుకొన్న పేరో, ఆనాడు తెలియదు. ఐనను ఒక్క సంగతిలో మాకు మనసు ఒప్పుకొనదు. ఆయన నిజము చెప్పి, నిర్ణయము ఆమెకే విడిచియుండవచ్చును. అట్లు చేసినచో ఆమె పోయెడిది కాదేమో. కాని ఉండుటయో, పోవుటయో ఆమెదై యుండెడిది. ఈ అసంతృప్తి చిత్రమునకు లోపము కాదు. ఆ ఆపిలుతొక్క పడినప్పుడు మన గుండె జారుటకు కారణము, ఆయనను జాలిపడవలెనో నిందింపవలెనో తేలకపోవుటయే.

ఓజు 1903 డిసెంబరు 12న జన్మించెను. ఆయన పెండ్లియాడలేదు, తల్లితోడనే జీవించెను. ఆ తల్లి 1962లో గతించినది. కూతురిని పంపి ఒంటరియైన తండ్రి కథను ఆయన అదే సంవత్సరమున తన చివరి చిత్రమున మరల చెప్పెను. తండ్రి మరల చిషూ ర్యూయే. అంతకుముందు 1960లో తీసిన ‘శరత్కాలాంతము’లో తండ్రికి బదులు వితంతువైన తల్లి యున్నది. ఆ తల్లి పాత్రను ధరించినది సెత్సుకో హారా. 1949లో నొరికోగా కన్నీరు దాచుకొన్న కూతురు ఆమెయే. 11 ఏండ్ల తరువాత ఆమెకే ఇంట మిగులుట ఒప్పచెప్పబడినది. ఓజు 1963లో తన 60వ జన్మదినముననే మరణించెను. చిత్రము మొదలైన ఆ రైలుస్టేషనుకు దాపుననే, ఎంగకుజి దేవాలయపు శ్మశానవాటికలో ఆయన సమాధి యున్నది. దానిపై ఆయన పేరు లేదు. ‘శూన్యము’ అను అర్థమిచ్చు ఒక్క అక్షరము చెక్కబడినది. సెత్సుకో హారా సినిమాలు విడిచి, కామాకురాలో లోకమునకు కనబడక అవివాహితగా జీవించి, 2015లో తన 95వ ఏట మరణించెను.

ఏకాంతము అందరకును వచ్చునదే. పిల్లలు పెరిగి పోవుదురు. తోడున్నవారు ఎవరో ఒకరు ముందు పోవుదురు. ఆ వేళ ఇల్లు ఎట్లుండునో ఓజు రెండు నిమిషములలో చూపెను: ఒక కుర్చీ, ఒక పండు, వంగిన తల. ఆయన దానిని చూచి భయపడుమనలేదు, ఓదార్పును చెప్పలేదు. చూడుమనెను, అంతే. ఈ చిత్రము మీకెప్పుడైనను చూచు వీలు కలిగినచో, ఇంటిలో ఎవరితోనైన కలిసి చూడుడు. ముగిసిన వెంటనే లేవవలదు. అలలు కనబడినంతసేపు కూర్చుండుడు. అప్పుడు గదిలో ఎవరును మాటలాడకున్నచో, అది మాటలు లేకపోవుట కాదు. నేటికి మా ప్రసంగమును ఇక్కడ ముగించుచున్నాము. తరువాతి కార్యక్రమము మొదలగువరకు నాలుగు క్షణములు నిశ్శబ్దముగా నున్నచో, దయచేసి యంత్రము చెడినదని తలచి మీటలు త్రిప్పకుడు.